తోపు, సత్రము, సర్కారు గ్రాంటు

“సత్రము భోజనము, మఠము నిద్ర” అని మనలో ఒక సామెత కలదు. ఇల్లు వాకిలి లేక, ఏ పూటకు ఏది దొరికిన దానితో కాలము గడపు వానిని గూర్చి ఈ మాటను కొంత చులకనగానే వాడుచుందుము. కాని నిదానించి చూచినచో ఆ సామెతలో చులకనకు మించిన సంగతి ఒకటి కలదు. ఇల్లు లేని వానికిని ఒకప్పుడు తినుటకొక చోటు, పండుకొనుటకొక చోటు ఉండెననియు, అవి అప్పటికప్పుడు ఎవరికో కలిగిన జాలిమీద ఆధారపడక ఊరి ఏర్పాట్లలోనే ఇమిడి యుండెననియు ఆ సామెత సాక్ష్యమిచ్చుచున్నది.

అనంతపుర పీఠభూమి వంటి మెట్టసీమలో ఆ రెంటితోపాటు మూడవది కూడ కావలసి యున్నది. అది చెట్టు నీడ. ఇచ్చటి వేసవిలో పగటిపూట తలదాచుకొనుటకు చెట్టు, రాత్రిపూట నడుము వాల్చుటకు అరుగు, రెండును ఒక్క అవసరమునకే రెండు రూపములు. నగరములలో పచ్చదనము పెంచుటకొక గ్రాంటు, నిరాశ్రయులకు వసతి గృహములు కట్టుటకు మరియొక గ్రాంటు నేడు వేరువేరు పేర్లతో వచ్చుచున్నవి. వీనిని క్రొత్త విషయములని పలువురు తలచుచున్నారు. నిజమునకు ఈ సీమలో సర్కారు సొమ్ము తోపునకును సత్రమునకును ఖర్చగుట దాదాపు రెండు వందల ఏండ్ల నాటి మాట. ఆ చరిత్రను క్లుప్తముగా చెప్పి, అది మనకు నేర్పుచున్న పాఠమేమో విచారించుటయే ఈ ప్రసంగములో మా ఉద్దేశము.

ముందుగా ఈ నేలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. నైరుతి ఋతుపవనముల తేమను పడమటి కనుమలు ఆపివేయును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి, ఇంత దూరము వచ్చునప్పటికి బలము సన్నగిల్లును. ఇట్లు రెండు వానలకును దూరమై, ఉమ్మడి అనంతపురము జిల్లా ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతోనే కాలక్షేపము చేయవలసి వచ్చినది. దేశములో మిక్కిలి తక్కువ వానపడు జిల్లాలను లెక్కించునప్పుడు దీని పేరు మొదటి వరుసలోనే వినబడును. 2022 ఏప్రిలులో శ్రీ సత్యసాయి జిల్లా దీనినుండి విడివడినది గాని, వాన లెక్కలలో ఆ విభజన వలన కలిగిన మార్పేమియు లేదు. ఇట్టి నేలమీద చెట్టు దానంతట అది పెరుగుట అరుదు. నాటిన చేయి మూడు నాలుగు వేసవులు నీళ్లు పోసి, ముండ్లకంప కట్టి, మేకల నోటినుండి కాపాడినగాని మొక్క మానుగాదు.

ఈ సత్యమును మన పూర్వులు చెరువుల విషయములో బాగుగా ఎరిగియుండిరి. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కాలమున, 1364లో, ఆయన మంత్రి చిక్క ఒడెయరు పండమేరు వాగునకు అడ్డముగా పెద్ద చెరువు కట్టించెనని చెప్పుదురు. ఆ కట్టకు ఇరుప్రక్కల వెలసిన రెండు ఊళ్లలో ఒకటి బుక్కరాయసముద్రము. రెండవది అనంతసాగరము, అదియే నేటి అనంతపురము. అనగా ఈ నగరము పుట్టుకయే ఒక ప్రభుత్వపు పనివలన కలిగినది. చెరువునకు గండిపడగా ముసలమ్మ అను ఇంటికోడలు ఆ గండిలో నిలిచి ప్రాణమర్పించెనని స్థానికముగా ఒక కథ కలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానినే ఇతివృత్తముగా గైకొని “ముసలమ్మ మరణము” అను కావ్యము రచించిరి. నరబలి కథను మెచ్చుకొనుట మా అభిమతము కాదు. కాని ఆ కథను ఆరు శతాబ్దుల పాటు ఈ ఊరు మరువకుండుటలో ఒక అర్థము కలదు. కట్టించినవాడు మంత్రి, కట్టను నిలుపవలసిన భారము మాత్రము ఊరిది. కట్టించుట ఒక్కనాటి పని, నిలుపుట ఏనాటికిని తీరని పని.

ఆ తీరని పనికి మన సీమలో ఒక చక్కని ఏర్పాటు ఉండెను. దానికి దశబంధమని పేరు. చెరువు త్రవ్వించినవారికి గాని, మరమ్మతు చేయువారికి గాని ఆ చెరువు క్రింది భూమిలో కొంత భాగమును ఇనాముగా ఇచ్చెడివారు. ఇనాము అనుభవించినంత కాలము కట్టను, తూమును కాపాడుట వారి విధి. సత్రములకును ఇట్లే మాన్యములు ఉండెడివి. బాటసారికి వండిపెట్టు వంటకత్తెకు, దీపమునకు నూనె తెచ్చువానికి, బావి చేదువానికి ఆ మాన్యపు పంటయే జీతము. ఈ ఏర్పాటులో లోపములు లేకపోలేదు. కొన్ని సత్రములలో కొన్ని కులములవారికి అరుగు దాటి లోపలికి ప్రవేశము లేకుండెను. మాన్యమును మింగి సత్రమును పాడుపెట్టిన ధర్మకర్తలును ఉండిరి. ఐనను, కట్టడముతోపాటే దాని పోషణకు ఆధారము చూపవలెనను సూత్రము అందులో స్పష్టముగా ఉండెను.

ఇక సర్కారు సొమ్ము మాటకు వత్తము. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తము చేసెను. అప్పటినుండి దీనికి దత్తమండలమను పేరు వచ్చినది. రాయలసీమ అను పేరు 1928లో గాని వాడుకలోనికి రాలేదు. దత్తమండలమునకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన సర్ థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట పనిచేసి, అనంతపురమున నివసించెను. పాళెగాండ్రను అణచుటలో ఆయన చూపిన కాఠిన్యమును చరిత్రకారులు దాచలేదు. అయినను రైతు గుడిసె దాక నడిచిపోయి వాని కష్టసుఖములు విచారించిన దొరగా ప్రజలు ఆయనను తలచుకొనిరి. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిన కుటుంబములు ఉండుటయే ఇందుకు నిదర్శనము.

1820లో మన్రో మద్రాసు గవర్నరు అయ్యెను. పదవి విరమించి స్వదేశము పోవుటకు ముందు, తాను పనిచేసిన మండలమును ఒక్కసారి కన్నులార చూచుకొనవలెనని 1827 వేసవిలో బయలుదేరెను. ఆ ప్రయాణములోనే, జులై 6వ తేదీన, పత్తికొండలో కలరా తగిలి మరణించెను. గుత్తిలో ఆయనను ఖననము చేసిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. గుత్తి నేడు అనంతపురము జిల్లాలోను, పత్తికొండ కర్నూలు జిల్లాలోను ఉన్నవి గాని, ఆనాడు రెండును ఒకే దత్తమండలపు ఊళ్లు.

గవర్నరు జ్ఞాపకార్థము మద్రాసు నగరములో ప్రజల చందాలతో పెద్ద విగ్రహము ఏర్పాటైనది. చాంట్రీ అను ప్రసిద్ధ శిల్పి మలచిన ఆ గుర్రపు విగ్రహము 1839లో ప్రతిష్ఠింపబడి నేటికిని అచ్చటనే యున్నది. కాని ఆయన మరణించిన మెట్టసీమలో ప్రభుత్వము చేసినది వేరు. పత్తికొండలో ఒక తోపు నాటించి, రాతిమెట్లతో దిగుడుబావి త్రవ్వించెను. గుత్తిలో బాటసారులకై ఒక సత్రము కట్టించెను. నగరములో విగ్రహము, కరువుసీమలో చెట్లు, నీరు, తలదాచుకొనుటకొక కప్పు! ఏ నేలకు ఏది తగునో ఆ నిర్ణయము చేసినవారు బాగుగా గ్రహించిరనియే మా అభిప్రాయము. మరియొక విశేషము గమనింపదగినది. తోపును నాటినవారు దాని ప్రక్కనే బావిని త్రవ్వించిరి. నీటి మాట లేకుండ చెట్టు మాట ఎత్తలేదు. పచ్చదనమునకును నిరాశ్రయులకును సర్కారు ద్రవ్యమిచ్చుట ఈ పీఠభూమిలో ఎప్పుడు మొదలైనదని ఎవరైన అడిగినచో, మేము మొట్టమొదట పత్తికొండ తోపును, గుత్తి సత్రమును చూపుదుము.

పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధములో ఈ పనులు వ్యక్తుల దయనుండియు, గవర్నరుల జ్ఞాపకములనుండియు తొలగి చట్టములలోనికి ప్రవేశించెను. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను మాన్యముల హక్కులను విచారించి తేల్చినది. పట్టణాభివృద్ధికై 1865లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసెను. 1869లో అనంతపురమున పురపాలక సంఘము ఏర్పడెను. అప్పటికి అనంతపురము జిల్లా కేంద్రము కూడ కాదు, బళ్లారి జిల్లాలోని ఒక చిన్న పట్టణము మాత్రమే. ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో. 1871 నాటి స్థానిక నిధుల చట్టముతో పల్లెల రోడ్లు, సత్రములు మొదలగునవి బోర్డుల క్రిందికి వచ్చెను. భూమిశిస్తుమీద సెస్సు విధించి ఆ పనులకు సొమ్ము సమకూర్చిరి.

ఈ బోర్డులు చేసిన పనులలో జనులకు చిరకాలము కనబడినది రోడ్ల ప్రక్కన నాటిన సాలుచెట్లు. వేప, కానుగ, మర్రి, చింత, ఈ నాలుగును ఈ నేలకు ఓర్చుకొనగల జాతులు. చింతచెట్ల కాపును ఏటేట వేలము వేసి, ఆ రాబడిని నిధులలో జమకట్టెడివారు. ఆ విధముగా చెట్టు తన ఖర్చులో కొంత తానే సంపాదించుకొనెడిది. పూర్వపు మాన్యమునకు బదులు ఫలసాయము వచ్చినదన్న మాట. సత్రముల సంగతి మాత్రము వేరుగా పరిణమించినది. అదే 1871లో మద్రాసునుండి వచ్చిన రైలుమార్గము గుత్తి, గుంతకల్లులమీదుగా పోయి, రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసెను. దూరప్రయాణము చేయువారు బండ్లు విడిచి రైలెక్కిరి. పదిరోజుల దారి ఒక్క దినములో తీరిపోయినపుడు దారిలో సత్రముతో పనియేమి? సత్రము బాటసారులకొరకే యని తలచినవారు దాని కాలము చెల్లినదనుకొనిరి. కాని సత్రపు అరుగుమీద పండుకొనువారిలో ఊరు చేరవలసిన ప్రయాణికులతోపాటు, చేరుటకు ఊరే లేనివారును ఎల్లప్పుడు ఉండిరి. రైలు వచ్చినంతమాత్రమున వీరి సంఖ్య తగ్గలేదు. ఆ సంగతి ఐదేండ్లలోనే లోకమునకు తెలిసివచ్చినది.

1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు ముఖము చాటుచేసెను. రెండేండ్లు సాగిన ఆ క్షామమును మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిరి. 1871 జనాభా లెక్కలను 1881 లెక్కలతో పోల్చిచూచినపుడు, నేటి అనంతపురము ప్రాంతములో జనసంఖ్య సుమారు ఐదవ వంతు తగ్గిపోయినట్లు కనబడును. ఐదుగురున్న ఇంటిలో ఒకరు లేకుండ పోయిరని దీని అర్థము. పొలము ఎండి, పశువులు పడిపోయి, తలుపులకు గొళ్లెము పెట్టి, లక్షలాది జనులు కరువు పనుల శిబిరములకు నడిచిరి. కంకర కొట్టుట, చెరువు మట్టి మోయుట, రోడ్డు వేయుట, ఇవి ఆ పనులు. పని చేయలేని ముసలివారికి, రోగులకు, పసివారికి బీదల శాలలలో గంజి పోసిరి.

ఆ సందర్భమున నడచిన ఒక వివాదమును ఈనాటికిని మరువరాదు. భారత ప్రభుత్వపు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గింపదలచి, 1877 ఆరంభమున పనివాని కూలిని దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది చిల్లర అని నిర్ణయించెను. మనుష్యుడు ఆ తిండితో బరువు పని చేయజాలడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని మాసముల తరువాత మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచినది. ఆ నడుమ గడచిన మాసములలో ఎందరి ప్రాణములు పోయెనో! సహాయము ఎక్కువైనచో జనులు సోమరులగుదురేమో యను భయము ఒకవైపు, తక్కువైనచో చత్తురను సత్యము మరొకవైపు. నిరాశ్రయుని యెదుట నిలుచునపుడు ప్రభుత్వములకు ఈ సంకోచము ఆనాటినుండి నేటివరకు వదలలేదు.

ఆ మహాక్షామము తరువాత కూర్చున్న క్షామ విచారణ సంఘము 1880లో తన నివేదికను సమర్పించెను. కరువుకాలమున ప్రజలను కాపాడుట ప్రభుత్వ ధర్మమని అది అంగీకరించెను. ఆ నివేదికను అనుసరించి రాష్ట్రములవారీగా క్షామ నివారణ నిబంధనావళులు తయారయ్యెను. శరీరబలమున్నవారికి పని, లేనివారికి ఉచిత సహాయము అను విభాగము వానిలో చోటుచేసుకొనెను. ఇది గొప్ప మార్పే. కాని దానిలో ఒక షరతు కలదు. కరువు ప్రకటింపబడినపుడే ధర్మము మేల్కొనును, వాన పడగానే శిబిరములు ఎత్తివేయుదురు. కరువులో ఇల్లు పోగొట్టుకొన్నవానికి వానతో ఇల్లు మరల మొలవదు గదా!

1952లో రాయలసీమను మరల పెద్ద కరువు పట్టుకొన్నది. అప్పుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రములో చేరియుండెను. ఊరూర గంజి కేంద్రములు తెరచిరి. మధ్యాహ్నమునకు ముందే చేతిలో గిన్నె పట్టుకొని పిల్లలు వరుసలో నిలిచిన దృశ్యమును ఆ తరమువారు చిరకాలము చెప్పుకొనిరి. మరుసటి సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1965లో పురపాలక సంఘములకు క్రొత్త చట్టము వచ్చెను. ఈ కాలములోనే అనంతపురము పెరుగుట మొదలిడెను. 1916లో స్థాపితమైన దత్తమండల కళాశాల, స్వాతంత్ర్యమునకు కొలది ముందు నెలకొనిన ఇంజనీరింగు కళాశాల, ఆ పిమ్మట 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము దీనిని విద్యానగరముగా చేసెను. 2005లో పురపాలక సంఘము నగరపాలక సంస్థయైనది. 2011 జనాభా లెక్కలనాటికి ఇచ్చటి జనసంఖ్య రెండున్నర లక్షలు దాటినది.

నగరము పెరిగినకొలది పల్లె ఎండినపుడెల్ల జనులు వచ్చి చేరుట సహజము. వేరుశనగ పంట పోయిన ఏట రైతుకూలీలు కొందరు అనంతపురమునకు, అంతకంటె ఎక్కువమంది బెంగుళూరునకు, కేరళకు వలసపోవుచున్నారు. పనికిపోయిన ఊరిలో వారు కట్టు మేడలలో వారికి చోటు లేదు. సగము కట్టిన గోడల నడుమను, వంతెనల క్రిందను, బస్సుస్టాండు చపటాలమీదను రాత్రులు గడుపుచున్నారు. ఇల్లు లేనివారిని జనాభా లెక్కలవారు 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి, వారు పండుకొన్నచోటనే లెక్కించిరి. దేశము మొత్తముమీద 17 లక్షల 73 వేలమంది, అందులో పట్టణములలో 9 లక్షల 38 వేలమంది తేలిరి. ఒక్క రాత్రి దీపముల వెలుతురున దొరికినవారి లెక్క ఇది. దొరకనివారు ఇందులో చేరరు.

ఇటీవలి గ్రాంటుల కథ ఈ నేపథ్యములోనిది. 2010లో చలికి నిరాశ్రయులు మరణించుచున్న సంగతి సుప్రీంకోర్టు దృష్టికి వచ్చెను. ఆహారహక్కును గూర్చి నడుచుచున్న వ్యాజ్యములో భాగముగా, పెద్ద నగరములలో లక్షమంది జనాభాకు ఒక్కొక్కటి చొప్పున, నూరుమందికి సరిపడు వసతి గృహములు ఉండవలెననియు, అవి ఏడాది పొడవునను రేయింబవళ్లు తెరచియుండవలెననియు ఆ న్యాయస్థానము ఆదేశించెను. 2013లో రూపొందిన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకము ఆ ప్రమాణమునే స్వీకరించి, కట్టడమునకును నిర్వహణమునకును కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు కలిసి సొమ్మిచ్చు ఏర్పాటు చేసినది. ఆ లెక్క ప్రకారము అనంతపురము వంటి నగరమునకు కనీసము రెండు గృహములు ఉండవలసినదే.

పచ్చదనము విషయములో 2015 జూను 25న ప్రారంభమైన అమృత్ పథకమును చెప్పుకొనవలెను. ఆ పథకములో చేరిన దేశపు 500 నగరములలో అనంతపురము ఒకటి. హిందూపురము, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరము కూడ ఆ జాబితాలో ఉన్నవి. నీటి సరఫరా, మురుగునీటి పారుదల ఆ పథకములో ప్రధానములు. ఐనను ప్రతి నగరపు కేటాయింపులో నూటికి రెండున్నర వంతు వరకు ఉద్యానవనములకు, అందులోను పిల్లలకు అనువైనవానికి వినియోగింపవచ్చునని నిర్ణయించిరి. పార్కుల పోషణకు ప్రజల తోడ్పాటుతో ఒక పద్ధతి ఏర్పరచుకొనవలెనని నగరములకు షరతు విధించిరి. 2021 అక్టోబరులో ఆరంభమైన రెండవ దశలో చెరువుల పునరుద్ధరణము కూడ చేరినది. చెరువుకట్ట చివర పుట్టిన ఊరికి ఇది మరల తన పుట్టుకచోటికి చేరినట్లే కదా!

ఈ పథకములను తక్కువచేసి మాట్లాడుట మాకు ఇష్టము లేదు. ఇల్లులేని మనుష్యుని పేరు ప్రభుత్వపు లెక్కల పుస్తకములో కరువు ప్రకటన లేకుండనే చేరుట చరిత్రలో చిన్న విషయము కాదు. 1880 నాటి నిబంధనావళి చేయలేనిదానిని ఇవి చేసినవి. అయితే రెండు సందేహములు మమ్ము వదలుట లేదు.

మొదటిది పోషణకు సంబంధించినది. వసతి గృహము నడుపుటకు ఆ పథకము ఇచ్చిన సహాయము ఐదేండ్లకు పరిమితమై యుండెను. ఆ తరువాత భారము నగరముదే. కావలివాని జీతము, దుప్పట్లు, మరుగుదొడ్ల నీరు, దీపము, ఇవి ఐదేండ్లతో ముగియు ఖర్చులు కావు. పార్కు సంగతియు ఇంతే. పచ్చిక పరచుటకు గుత్తేదారు వచ్చును, ఫలకము పెట్టుటకు పెద్దలు వత్తురు. మూడవ వేసవిలో నీళ్లు పోయుటకు ఎవరు వత్తురు? పెన్న అహోబిలము జలాశయమునుండి పైపులలో తెచ్చుకొను త్రాగునీటిమీద బ్రతుకు నగరములో, ఆ నీటిని పచ్చికమీద చల్లుమనుట న్యాయము కాదు. శుద్ధిచేసిన మురుగునీటిని పార్కునకు మళ్లించు ఏర్పాటు మొదటినాడే చేయవలెను. నీటిని త్రాగివేయు పచ్చికకు బదులు వేపను, కానుగను, చింతను నాటవలెను. పత్తికొండ తోపు ప్రక్కన బావి త్రవ్వినవారు ఇంతకంటె ఎక్కువ చదువుకొన్నవారేమియు కారు.

రెండవ సందేహము ఇంకను లోతైనది. ఒక చేతితో పచ్చదనమును పెంచుచు, రెండవ చేతితో నిరాశ్రయుని తరుముట జరుగవచ్చును. బాగుచేయని ఖాళీస్థలములో చింతచెట్టు క్రింద ఏ దిక్కు లేనివాడో ఇంతకాలము పండుకొనుచుండెననుకొందము. గ్రాంటు వచ్చి ఆ స్థలము పార్కగును. చుట్టును ఇనుపకంచె లేచును, రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో గేటుకు తాళము పడును. నడకకు వచ్చువారికి మేలు కలిగినది, అందులో సందేహము లేదు. కాని చెట్టు క్రింది మనిషి ఎచ్చటికి పోయెను? రెండు గ్రాంటులు రెండు కార్యాలయములనుండి, రెండు దస్త్రములలో వచ్చుటవలన ఈ ప్రశ్న ఏ ఒక్కరి బల్లమీదికిని రాదు. పార్కు చూచువారికి అతడు ఆటంకము, వసతి గృహము నడుపువారికి అతడు ఇంకను రాని అతిథి. దారి చూపువాడెవడు?

1827 తరువాతి నిర్ణయము మాకు ఇందుకే గుర్తునకు వచ్చుచున్నది. తోపు, బావి, సత్రము, ఈ మూడును ఒక్కని జ్ఞాపకార్థము, ఒక్క ఉద్దేశముతో ఏర్పడెను. పగలు ఎండలో నడచి వచ్చినవానికే రాత్రి కప్పు కావలెనని ఆ నిర్ణయము ఎరిగియుండెను. పార్కును కట్టదలచినపుడు ఆ చోట ఇదివరకు ఎవరెవరు పండుకొనుచుండిరో ముందుగా లెక్కించుట, వారికి వసతి గృహములో చోటు చూపిన పిమ్మటనే తాళము వేయుట, పార్కు కావలి పనిని, నీళ్లుపోయు పనిని ఆ గృహములోని వారికే జీతముమీద అప్పగించుట, ఇవి అసాధ్యములు కావు. వీనికి పెద్ద గ్రాంటులు కూడ అవసరము లేదు. దశబంధపు ఇనాము ఎట్లు చెరువునకు దానివలన బ్రతుకువానినే కాపరిగా చేసెనో, ఇదియు అట్టిదే. భూమి ఇనాములు నేడు సాధ్యములు కావు, వానివెంట నడచిన కులభేదములు మరల రావలెనని ఎవరును కోరరు. కాని కట్టడముతోపాటే కాపరిని చూపు పద్ధతిని విడిచిపెట్టుటకు మాత్రము కారణము కనబడదు.

హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు జాతీయ రహదారిమీద గుత్తికోట దూరమునుండియే కనబడును. ఆ దారిన పోవు శ్రోతలు ఎప్పుడైన ఒక గంట ఆగి, ఊరిలోనికి పోయి, మన్రో సత్రము ఎచ్చటనని పెద్దలను అడిగి చూడవలెనని మా మనవి. అటుపిమ్మట తమ తమ ఊళ్లకు తిరిగి వచ్చినపుడు, క్రొత్తగా వెలసిన పార్కు ముందర నిలిచి రెండు ప్రశ్నలు వేయవలెను. వచ్చు చైత్రవైశాఖములలో ఈ మొక్కకు నీళ్లు ఎవరు పోయుదురు? ఈ గేటు మూసిన తరువాత, నిన్నటివరకు ఇచ్చట పండుకొన్న మనిషి ఈ రాత్రి ఎచ్చట ఉండును? ఈ రెంటికిని పేరు పెట్టి జవాబు చెప్పగల నగరములో గ్రాంటు సొమ్ము వ్యర్థము కాలేదని నమ్మవచ్చును.